మడుగుకు అజీర్తి చేసింది

చావు కబురు విని నవ్వడం తప్పే. మొన్న అల్లూరు నుంచి ఒకాయన పెళ్ళిపత్రిక ఇవ్వడానికి మా ఇంటికి వచ్చాడు. కాఫీ తాగుతూ మాటల మధ్యలో, "మీరు ఆ రోజుల్లో మా పక్క పనిచేసినారు గదా, చాపలవ్వ గుర్తుండాదా? పోయి నాలుగు నెలలయింది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మా ఆవిడ గుడ్లురిమి చూసింది. ఆయన గ్లాసు కింద పెట్టేశాడు. నవ్వు ఆపుకోబోయి పొలమారి దగ్గాను. ఆ దగ్గుకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి కాబట్టి మర్యాద దక్కింది.

ఆమె అసలు పేరు చెప్పను. బతికుండగా ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే, "పేరుతో నీకేం పని? చాప కావాల్నా వద్దా?" అనేది. ఊరంతా చాపలవ్వ అనే పిలిచేవాళ్ళు. నేనూ అంతే.

ఆమెను నేను చూడకముందే ఆమె నా కాళ్ళను చూసింది. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. గ్రామసేవకుడి ఉద్యోగంలో కొత్తగా చేరి, అల్లూరుకు తూర్పున ఉన్న ఆ ఊరికి సైకిలు మీద వెళ్తున్నాను. ఊరి పొలాలు దాటితే, సముద్రపు ఇసుకదిబ్బలు మొదలయ్యే లోపల ఒక పెద్ద పల్లం ఉంది. పొలాల మురుగు కాలువ తిన్నగా అందులోకే దిగుతుంది. మోకాలి లోతు నీళ్ళు, నీళ్ళ నిండా తుంగ. తుంగమడుగు అంటారు. ఆ మడుగు కట్ట మీద నాకు ఎదురుగా పచ్చటి మోపు ఒకటి నడిచి వస్తోంది. నడుము దాకా తుంగే, దాని కింద రెండు నల్లటి కాళ్ళు. దారి ఇద్దామని సైకిలు దిగి పక్కకు జరిగాను. మోపు ఆగింది.

"ఎవురబ్బయ్యా నువ్వు? ఈ ఊరి కాళ్ళు కావే ఇవి" అంది.

చెప్పాను. ఏ ఊరు, ఏ పని, చర్చి పక్క గదిలో దిగుతున్నానని కూడా చెప్పాను. మోపు అంతా విని, "బురద తొక్కని కాళ్ళు. తొక్కిస్తాలే" అని ముందుకు సాగింది. మొహం చూడకుండానే నాకు ఆమె అంటే కొంచెం భయం పట్టుకుంది.

తర్వాత మొహమూ చూశాను. యాభై దాటిన మనిషి. చేతివేళ్ళ నిండా తుంగ కోసిన గీతలు. వక్కాకు వేసే అలవాటు లేదు. దాని బదులు తుంగ మొదట్లో ఉండే తెల్లటి మెత్తటి ముక్క నమిలేది. నమిలి, "ఇది మురుగు కాలవ పక్కది" అనో, "ఇది దిబ్బల పక్కది" అనో చెప్పేది. ఇంకో అలవాటు ఉంది. మడుగులోంచి బయటికి రాగానే ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలు ఎత్తి, మడమకు అంటిన బురద చిటికెడు తీసి వాసన చూసేది. చూసి ఆ పూట మడుగు ఒంట్లో ఎట్లా ఉందో చెప్పేది. "ఆకలి మీద ఉండాది." "ఈ పొద్దు బాగుండాది." మనుషుల్ని కూడా తుంగను చూసినట్టే చూసేది. నన్ను ఎగాదిగా చూసి కోడలితో, "ఎత్తు ఉండాది గాని గట్టి లేదు. ఆరబెట్టాల" అంది. కోడలు మంచి మనిషి. నోరు కొంగుతో మూసుకుని నవ్వింది.

నా పని వరికి సీమ ఎరువు వేయించడం. ఖాకీ నిక్కరు, సైకిలుకు తగిలించిన సంచి, సంచిలో ఎరువు నమూనాల సీసాలు. తెల్లగా పంచదారలా ఉండే ఎరువును రైతులు అమోనియా అనేవాళ్ళు. చావట్లో మొదటి మీటింగు పెట్టి అరచేతిలో ఆ గుళికలు పోసి చూపిస్తున్నాను. మగవాళ్ళు అరుగు మీద కూర్చున్నారు. చాపలవ్వ చావడి బయట మెట్టు దగ్గర నిలబడింది. ఆమెకు సెంటు భూమి లేదు. మీటింగుకు ఎవరూ పిలవలేదు.

"ఒక పలుకు ఇట్టా పారెయ్" అంది. ఇచ్చాను. నాలుక మీద వేసుకుని వెంటనే ఉమ్మేసింది.

"చురుక్కుమంటా ఉండాది. దీన్ని తిని వరి ఊరుకుంటదా, పరిగెత్తదూ! సరే, నీళ్ళల్లో కరిగినాక ఇది యాడికి పోద్ది?"

"వరి తాగేస్తుంది అవ్వా."

"మొత్తమా?"

"మొత్తం."

"చుక్క మిగల్చదా?"

"మిగల్చదు."

"మంచి పిలకాయ వరి" అని వెళ్ళిపోయింది.

మొత్తం అని నేనెందుకు అన్నానో నాకే తెలియదు. మా శిక్షణలో ఆ ప్రశ్న రాలేదు. అక్కడ లోకం పొలంగట్టు దగ్గర ఆగిపోయేది. గట్టు అవతలికి నీళ్ళు పోతాయనీ, పోయిన నీళ్ళు ఎక్కడో చేరతాయనీ ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

రైతులు ఎరువు వేశారు. మొలగొలుకుల వరి ఏపుగా లేచి నిలబడింది. చిత్రం ఏమిటంటే, ఆ ఏడాది తుంగ కూడా లేచింది. అంతకు ముందు ఛాతీ దాకా వచ్చే తుంగ తలను దాటింది. చాపలు నేసే ఇళ్ళన్నీ పండగ చేసుకున్నాయి. పొడుగు తుంగ దొరికితే అతుకు లేకుండా పెద్ద చాప నేయొచ్చు. ఆదివారం చర్చిలో చాపలవ్వ లేచి ప్రార్థన చేసింది. ఆమె ప్రార్థన గురించి చెప్పాలి. ప్రార్థన చేసేటప్పుడు మధ్యలో ఎవరూ అడ్డు రాకూడదు, కళ్ళు తెరవకూడదు, లేచి పోకూడదు. ఈ మూడు సదుపాయాలూ ఊళ్ళో ఆమెలా వాడుకున్న మనిషి ఇంకొకరు లేరు. వారమంతా ఎవరితో ఏం చెప్పాలనుకుందో అదంతా దేవుడికి చెప్పేది, చెప్పించుకోవాల్సిన మనిషి రెండు వరసల వెనక కళ్ళు మూసుకుని వింటూ ఉండగా. ఆ ఆదివారం, "ఎరువుల అబ్బయ్యను మా ఊరికి పంపించినందుకు స్తోత్రం" అంది. నేను వంచిన తల కాస్త ఎత్తాను.

రెండో ఏడు తేడా కనపడింది. తుంగ ఇంకా పొడుగ్గా వచ్చింది గానీ నిలబడలేక నీళ్ళ మీద వాలిపోయింది. లోపల బెండు, పైన పచ్చదనం. ఎండబెడితే ముడుచుకుపోయేది, వంచితే పుటుక్కున విరిగేది. నీళ్ళ మీద పాచి దుప్పటిలా పరుచుకుంది. మురుగు కాలువ నోటి దగ్గర జమ్ము మొలిచింది. వెడల్పాటి ఆకులు, కొసన గోధుమరంగు కంకులు. మొదట నాలుగు దుబ్బులు. సంక్రాంతి పోయేసరికి బారులు తీరింది. జమ్ము ఉన్న చోట తుంగ లేదు.

జువ్వలదిన్నె నుంచి చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళు ఏటా అవ్వ దగ్గరే చాపలు కొనేవాళ్ళు. ఆ ఏడు ఇద్దరు వచ్చి చాపలు ఆమె ముందు పడేశారు. తుంగ చిట్లి పొట్టు పొట్టుగా రాలి, చేపలకు అంటుకుపోతోందట.

"చేప తిందామని కొన్నోళ్ళకు చాప తినిపిస్తా ఉండామమ్మా! మాకు మాట వచ్చింది" అన్నారు.

అవ్వ చాపలు వెనక్కి తీసుకుని వాళ్ళకు పాతవి రెండు ఇచ్చింది. తర్వాతి ఆదివారం దేవుడికి చెప్పింది.

"తండ్రీ, నువ్వు గాలి ఇచ్చినావు, నీళ్ళు ఇచ్చినావు. నీళ్ళల్లో ఎరువుల అబ్బయ్య ఇంకోటి ఇచ్చినాడు. పోయినేడు తెలవక దానికి గూడా నీకే స్తోత్రం చెప్పినాను. అది వాపస్ తీసుకుంటా ఉండా. వరి మొత్తం తాగేస్తదని చెప్పినాడు ఆ బిడ్డ. వాడు అబద్ధాలకోరు కాదు తండ్రీ, తెలవనోడు. వాడికి తెలిసేదాకా నిద్ర పట్టనీయొద్దు. ఆమెన్."

అందరూ ఆమెన్ అన్నారు. నేను కూడా అనాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే నేనే మడుగు దగ్గరికి వెళ్ళాను. అవ్వ కట్ట మీద కూర్చుని కొడవలి నూరుకుంటోంది. చెప్పులు విప్పమంది. ముందు దిబ్బల పక్క దింపింది. నీళ్ళల్లో దిగితే పాదం కింద గట్టిగా, కాస్త ఊగుతున్నట్టుగా ఉంది. కింద తుంగ వేళ్ళు ఒకదానిలో ఒకటి అల్లుకుని మనిషిని మోస్తున్నాయి. "ఇది నేను నేసింది కాదు" అంది అవ్వ. తర్వాత కాలువ నోటి దగ్గరికి తీసుకుపోయి, "ఇప్పుడు ఇట్టా దిగు" అని పాచి పట్టిన చోటు చూపించింది.

దిగాను. ఆగలేదు. మోకాలు, తొడ, నడుము. నల్లటి బురద, కుళ్ళిన కోడిగుడ్ల వాసన. కాలు తీయబోతే ఇంకా లోపలికి పోయాను. వాలి కుళ్ళిన తుంగంతా అక్కడ పేరుకుని, కింది వేళ్ళు కూడా చచ్చి, నేల అన్నది లేకుండా పోయింది.

అవ్వ గట్టి చోట నిలబడి తుంగ మొదలు నములుతోంది.

"అబ్బయ్యా, వరి మొత్తం తాగేసిందా?"

"అవ్వా, ముందు చెయ్యి ఇయ్యి!"

"ఇస్తా. తాగేసిందా?"

"లేదు!"

"చుక్క మిగిలిందా?"

"చాలా మిగిలింది! అంతా ఇక్కడికే వచ్చింది!"

"దీన్ని ఏమంటారో తెలుసునా? అజీర్తి. తినాల్సిందాని కంటే ఎక్కువ తినింది మడుగు. ముందు లావెక్కింది. ఇప్పుడు కక్కుతా ఉండాది" అని చెప్పి, అప్పుడు తుంగ మోపు నా ముందు అడ్డంగా పడేసింది. దాని మీద పొట్ట ఆనించి పాకుతూ బయటికి వచ్చాను. నిక్కరు వచ్చింది గానీ దాని రంగు మళ్ళీ రాలేదు. అవ్వ నవ్వుతూనే ఉంది. కానీ అంత లోతు ఉంటుందని ఆమె కూడా అనుకోలేదట. ఆ సంగతి ఆమె చెప్పలేదు, సాయంత్రం వేడినీళ్ళు తెచ్చిచ్చిన కోడలు చెప్పింది.

నిద్ర పట్టకపోవడం కూడా నిజమే. ఆ వారంలోనే మా పై అధికారి జీపులో ఊరికి వస్తున్నాడు. పక్కపక్కనే రెండు మడులు, ఒకదానికి ఎరువు వేసి, ఒకదానికి వేయకుండా, 'డిమాన్‌స్ట్రేషన్' అని బోర్డులు పాతి ఉంచాను. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఆయన రాసే నాలుగు ముక్కల మీద అది ఆధారపడి ఉంది. మడుగు సంగతి ఆయన ముందు ఎత్తగూడదని నిశ్చయించుకున్నాను.

ఆయన వచ్చాడు, మడులు చూశాడు, మెచ్చుకున్నాడు. దొడ్డ మనిషి. భోజనం కాగానే చావట్లో కాసేపు నడుం వాలుస్తానన్నాడు. అప్పటికే అక్కడ కొత్త చాప పరిచి ఉంది. నడిమధ్య ఎర్రదారంతో ఒక గీత. ఎవరు పరిచారని అడగాలని నాకు తట్టలేదు. ఆయన పడుకున్నాడు, గురక పెట్టాడు, కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి పొర్లాడు. గంట తర్వాత లేచేసరికి తెల్లచొక్కా ఎడమ సగం నిండా పొట్టు, పీచు. చాపలో సగం గడ్డివాము కింద మారింది. గీతకు అవతలి సగం కొత్త చాపలా నిగనిగలాడుతోంది.

"ఏమిటిది?" అన్నాడు వీపు గోక్కుంటూ.

చాపలవ్వ మెట్టు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉంది. "డిమాస్టేషనయ్యా" అంది.

"ఏమిటీ?"

"కుడిపక్క ఎరువు తగలని తుంగ. ఎడంపక్క ఎరువు తగిలిన తుంగ. రెండూ ఒక పొద్దే కోసినా. ఒక ఎండలోనే ఎండబెట్టినా. ఒక చేత్తోనే నేసినా. పక్కపక్కన పెట్టి చూపిస్తే గాని జనం నమ్మరని మా అబ్బయ్యే నేర్పించినాడు" అని నా వైపు చెయ్యి చూపించింది.

అధికారి నా వైపు తిరిగాడు. ఆమె ఎవరో పిచ్చిదని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరికి వచ్చింది కూడా. కానీ నడుము దాకా దిగినవాణ్ణి, ఆ వాసన ఇంకా వదల్లేదు.

"ఆమె చెప్పింది నిజమే సార్. మడుగు దగ్గరికి వస్తే చూపిస్తాను" అన్నాను.

ఆయన తన బూట్ల వైపు చూసుకున్నాడు. "రిపోర్టు రాయండి" అని జీపెక్కాడు.

రాశాను. నాలుగు పేజీలు. తుంగ, జమ్ము, పాచి, బురద, అన్నీ రాశాను. రెండు నెలలకు అది తిరిగి వచ్చింది. అంచున ఎర్రసిరాతో ఒక వాక్యం: ఇది వ్యవసాయానికి సంబంధించిన విషయం కాదు. నా పర్మనెంటు కాగితం ఏడాది ఆలస్యంగా వచ్చింది. దానికీ చాపకూ సంబంధం లేదనే ఇప్పటికీ మా ఆవిడతో అంటుంటాను.

కాగితం అవ్వకు చదివి వినిపించాను. "ఎర్రసిరాతో రాసినాడా? మంచి సిరా" అంది. మరునాడు ఊళ్ళో పెద్దరైతు ఇంటికి పోయింది. ఊరి పొలంలో సగం ఆయనదే. ఆయన వాకిట్లో అడుగు పెట్టే వీలు ఆమెకు లేదు. వీధిలోనే నిలబడి, నలుగురికీ వినపడేలా పిలిచింది.

"రెడ్డయ్యా! తమరి గేదె తప్పిపోయి మా దొడ్లోకి వస్తే, కట్టేసి కబురు చేస్తాం గదా. తమరు తోలుకుపోతారా, పోరా?"

"పోతాం. ఏ గేదె?" అంటూ ఆయన కంగారుగా బయటికి వచ్చాడు.

"గేదె కాదయ్యా, అమోనియా. తమరు పొలంలో చల్లింది మా మడుగులోకి వచ్చి తిరగతా ఉండాది. ఇన్నాళ్ళు మేపినాం. ఇంక మా వల్ల కాదు. తోలుకుపోండి."

వీధిలో వాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. పిసినిగొట్టు మనిషి. నన్ను పిలిపించి, "నేను చల్లింది నిజంగానే కిందికి పోతా ఉందా?" అని అడిగాడు. "అంతా పోదు. కానీ చల్లిన వెంటనే మడవ తెరిచి నీళ్ళు వదిలితే చాలా పోతుంది. వారం పాటు మడవ మూసి ఉంచాలి. ఎరువు కూడా ఒకేసారి కాకుండా రెండు మూడు విడతలు చల్లాలి" అని, రిపోర్టు కోసం అడిగి తెలుసుకున్నది చెప్పాను. ఆ సాయంత్రమే ఆయన పంచె ఎగ్గట్టి తన పొలం మడవలన్నీ మట్టితో తనే మూశాడు. ఆయన మూశాడని మిగతా వాళ్ళూ మూశారు. నేను ఇంకో రెండేళ్ళు మీటింగులు పెట్టినా జరిగే పని కాదు అది.

ఇక మిగిలింది జమ్ము. చాపల ఇళ్ళవాళ్ళంతా కలిసి దాన్ని పెరికి తగలబెడదామన్నారు. అవ్వ ఒప్పుకోలేదు. జమ్ము బారుకు ఇవతలి తుంగ, అవతలి తుంగ తెచ్చి నమిలి చూసింది. నన్నూ నమలమంది. నాకు రెండూ ఒకేలా ఉన్నాయి. "నీకు నాలిక కూడా సర్కారుదే ఇచ్చినట్టుండారు" అని, విషయం చెప్పింది. కాలువ నీళ్ళు జమ్ములోంచి దూరి అవతలికి వచ్చేసరికి తేటగా వస్తున్నాయి. అక్కడి తుంగ మళ్ళీ సన్నగా, గట్టిగా మొలుస్తోంది.

"అది తిండిపోతు. కాలవ నోటికాడ కూర్చుని అంతా మింగతా ఉండాది. మింగనీ. గాని ఏటేటా కోసి బయటికి ఈడ్చేయాల. అక్కడే వాలి కుళ్ళనిస్తే, తినిందంతా మళ్ళా అక్కడే కక్కుద్ది."

అలాగే చేశారు. కోసిన జమ్ము ఇళ్ళకు కప్పుకున్నారు. మడుగు మొత్తం మునుపటిలా మాత్రం కాలేదు. కాలువ వైపు సగం జమ్ముకే పోయింది, నల్లబురద నల్లబురదగానే ఉండిపోయింది. చాపలు నేసే ఇళ్ళలో సగం కూలిపనికి మళ్ళాయి. దిబ్బల వైపు సగం తుంగ మిగిలింది. దాని మీద మిగతా ఇళ్ళు బతికాయి. నన్ను ఆ తర్వాత వేరే చోటికి బదిలీ చేశారు.

అరవైల చివర్లో ఒకసారి పని మీద అల్లూరు వెళ్ళి, అవ్వకు బాగాలేదని విని ఆ ఊరికి పోయాను. పక్షవాతం వచ్చి ఎడమపక్క పడిపోయింది. మాట ముద్దముద్దగా వస్తోంది గానీ మాటలు తగ్గలేదు. నేను తీసుకుపోయిన బత్తాయిలు చూసి, "నేను పోయినాక తేవాల్సినవి ఇప్పుడే తెచ్చినావే" అంది. మడుగు దగ్గరికి తీసుకుపొమ్మంది. కోడలు వద్దంది. అవ్వ ఒక చూపు చూసింది. మంచం నేనొక పక్క, కోడలు ఒక పక్క పట్టుకుని, మధ్యాహ్నపు ఎండలో కట్ట మీదికి మోసుకుపోయాం.

"పో, దిబ్బల పక్క నుంచి పిడికెడు కోసుకుని రా" అంది.

ప్యాంటు మడిచి దిగాను. కోసి తెచ్చాను. కుడిచేత్తో అందుకుని చూసి పారేసింది. "నడుం కాడ కోసినావు. మొదలంటా కొయ్యాల."

మళ్ళీ వెళ్ళాను. తెచ్చాను. "ఇవి పిల్లలు. వీటిని కొయ్యొచ్చునా? పూత వచ్చినవి చూసి తే" అని అదీ పారేసింది.

మూడోసారి లోపలికి, బాగా లోపలికి పోయాను. పూత తిరిగిన కాడలు ఏరి, చెయ్యి నీళ్ళల్లో ముంచి, మొదలు తడిమి కోశాను. చెయ్యి తెగింది. నేను బయటికి వచ్చేసరికి అవ్వ నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుంది. కోడలు నన్ను చూసి గుసగుసగా, "నువ్వు మూడోతూరి దిగంగానే పడుకునిందన్నా" అంది.

లేపలేదు. పిడికెడు తుంగ ఆమె కుడిచేతి పక్కన పెట్టాను. మంచం మోసుకొచ్చి ఇంట్లో దించి, బస్సు వేళ అవుతోందని కాళ్ళు కడుక్కోకుండానే బయలుదేరాను. నెల్లూరు చేరేసరికి బురద ఎండి పెచ్చులు పెచ్చులుగా బస్సులో రాలింది. దిబ్బల పక్క బురద కదా, పక్క సీటాయన ముక్కు మూసుకోలేదు.